నిండుకున్న రాజ్యం

ఒకానొక రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ఆ రాజ్యం పేరు మాత్రం చెప్పను. ఆ ఊరివాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు, ఊరికే తగాదాకు వస్తారు.

ఆ రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పుట్టగానే బంగారు ఉయ్యాల, కాస్త ఎదగగానే పల్లకీ, ఆ తరువాత సింహాసనం. వంటింటి గడప తొక్కిన పాపాన పోలేదు. ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది ప్రభూ అని అడిగితే, "వెండిగిన్నెలోంచి" అని తడుముకోకుండా చెప్పగల మహానుభావుడు.

ఆ రాజ్యానికి తూర్పున ఒక ఏరు. ఏటికి అవతల ఇంకో రాజ్యం. రెండు గట్లవాళ్ళకూ భాష ఒకటే, దేవుళ్ళూ వాళ్ళే. పిల్లనిచ్చుకోవడాలు, తెచ్చుకోవడాలు కూడా మామూలే. పట్టపురాణి కనకాంబ అవతలి గట్టు ఆడపడుచే.

ఒకనాడు అవతలి రాజ్యం నుంచి కేశవపంతులనే రాయబారి వచ్చాడు. పెద్దవాడు, నెమ్మదస్తుడు, రాణిగారికి వరసకు బాబాయి. ఆయన సభలో కూర్చుని ఉండగా ఉద్దండరాయుడు కొత్త కిర్రుచెప్పులు తొడుక్కుని కావాలని అటూ ఇటూ నాలుగు పచార్లు చేశాడు.

"విన్నారా పంతులుగారూ, ఈ కిర్రు! మా రాజ్యపు తోలు, మా రాజ్యపు కుట్టు. ఇంత గంభీరమైన చప్పుడు మీ గట్టున పుట్టమన్నా పుట్టదు" అన్నాడు.

పంతులు చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నాడు. "చిత్తం. ఇది మా గట్టున పుట్టిందే ప్రభూ. మడమ కింద ఎండిన వెదురుపెచ్చు పెట్టి కుట్టడం మావాళ్ళ అలవాటు. మీవాళ్ళు కుట్టిన చెప్పులు నోరెత్తవు" అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, ఉన్న మాట అన్నాడు. అందుకే అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

రాజు ఆ పూట అన్నం సరిగా తినలేదు. మహామంత్రి శేషాచలామాత్యుణ్ణి పిలిపించి శాసనం రాయించాడు. అవతలి గట్టున పుట్టిన వస్తువేదీ ఈ రాజ్యంలో ఎవరూ కొనరాదు, అమ్మరాదు, వాడరాదు. తెచ్చినవాళ్ళకు బందిఖానా.

రాజు తల ఊపితే మంత్రి ఒళ్ళంతా ఊపే రకం. శాసనానికి తన వంతుగా ఇంకో తోక తగిలించాడు. పెద్దల ముందు మనం ప్రవర చెప్పుకున్నట్టే, బజారులో ప్రతి వస్తువుకూ దాన్ని అమ్మేవాళ్ళు ప్రవర చెప్పాలట. ఎక్కడ పుట్టింది, ఎవరి వంశం, అంతకు ముందు ఎవరి వంశం, అన్నీ.

ఇక చూడండి బజారు వైభోగం. వంకాయలమ్మే ముసలమ్మ రెండు చెవులూ పట్టుకుని భటుల ముందు నిలబడి, "అయ్యా, ఈ వంకాయ మా పెరట్లో పుట్టింది. దీని తల్లీ మా పెరట్లోనే పుట్టింది. దీని నాయనమ్మ సంగతి నాకు తెలీదు" అని మొత్తుకుంది. "నాయనమ్మ సంగతి తేలేదాకా బుట్ట ఇక్కడే ఉండాలి" అన్నారు భటులు. ఆ సాయంత్రం భటుల ఇళ్ళన్నిటా గుత్తివంకాయ కూరే.

నూనె దగ్గర పెద్ద చిక్కే వచ్చిపడింది. నువ్వులు ఈ గట్టున పండుతాయి, గానుగలేమో ఆ గట్టున ఉన్నాయి. మంత్రి గడ్డం నిమురుకుని నిమురుకుని, "ఏరు దాటి వెళ్ళేటప్పుడు మనది, తిరిగి వచ్చేటప్పుడు పరాయిది" అని తేల్చాడు. దాంతో నూనె ఆగిపోయింది. ఉప్పు బండ్లు ఎలాగూ అవతలినుంచే రావాలి, అవీ ఆగాయి. ఇంగువ ఆగింది. గాజులు ఆగాయి.

ఈ గాజుల దగ్గరే కథ మలుపు తిరిగింది.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. మలారం, అంటే గాజుల మూట, భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు గాజులు తొడగడం ఆవిడ బతుకుతెరువు. మట్టిగాజులు చేసే కొలిమి ఈ గట్టున ఒక్కటీ లేదు. శాసనం వచ్చాక కూడా ఆవిడ ఎప్పటిలాగే ఏరు దాటి వెళ్ళింది, ఎప్పటిలాగే మలారం నింపుకుని వచ్చింది. రేవులో భటులు పట్టుకుని సభకు లాక్కొచ్చారు.

"ఏమే, ఈ గాజులు ఎక్కడివి?" అని గర్జించాడు మంత్రి.

"అవతలివే దొరా. ఇవతల ఎవరన్నా చేస్తుంటే అంత దూరం మోసుకురావడానికి నాకేమన్నా పిచ్చా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రాజు చెవిన పడింది, అదే ఆవిడ కొంప ముంచింది. వచ్చే పున్నమికి స్వదేశోత్సవం జరిపిస్తున్నామనీ, ఆనాడు అందరి ఎదుటా ఆ మలారాన్ని ఏనుగు కాలికింద తొక్కించి ఈవిడను ఏరు దాటించాలనీ, మళ్ళీ ఈ గట్టున అడుగు పెట్టనివ్వకూడదనీ తీర్పు చెప్పాడు.

నాంచారమ్మకు అప్పటిదాకా ఉన్న గడుసుదనమంతా పోయింది. "గాజులు తొక్కించుకోండి దొరా, నన్ను మాత్రం దాటించకండి. మా ఆయన కాళ్ళు పడిపోయి మంచంలో ఉన్నాడు. నేను పోతే ఆయనకు గంజి కాచి పోసేదెవరు?" అని నేలమీద కూలబడి ఏడ్చింది.

ఆ సభలో గుండన అనే అతను ఉండేవాడు. కవి కాదు, పండితుడు కాదు. రాజుకు విసుగు పుట్టినప్పుడు పక్కన ఉండడం అతని ఉద్యోగం. ప్రపంచంలో అన్నిటికీ నవ్వే ఆ మనిషికి ఆ రోజు నవ్వు రాలేదు. అతని కూతురు సీమంతానికి గాజులు తొడిగిన చెయ్యి ఈ నాంచారమ్మదే.

"ప్రభూ, ఒక్క మాట..." అంటూ లేచాడు.

"నువ్వు నవ్వించడానికి ఉన్నావు గుండనా, న్యాయం చెప్పడానికి కాదు. కూర్చో" అన్నాడు రాజు.

గుండన కూర్చున్నాడు. నాంచారమ్మను బందిఖానాలో వేశారు, మలారానికి ముద్ర వేసి కొట్లో పెట్టారు. పున్నమిదాకా ఆవిడ మొగుడికి గంజి పోసే పని ఇరుగుపొరుగు ఎత్తుకున్నారు.

కొన్నాళ్ళు గడిచాక రాజుకు తన శాసనం ఎంత గొప్పగా నడుస్తోందో వినాలని ముచ్చట పుట్టింది. అధికారులందరినీ పిలిపించాడు. మొదట వంటశాల అధికారి గజగజా వణుకుతూ వచ్చి నిలబడ్డాడు.

మన ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. ఇంట్లో ఫలానాది లేదు అని నోటితో అనరు. అంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. అందుకే అయిపోయినదాన్ని నిండుకుంది అంటారు. పేద గుడిసెలోనే అంత పట్టింపు ఉంటే, సింహాసనం ముందు లేదు అనే ధైర్యం ఎవడికి ఉంటుంది?

"ఉప్పు నిండుకుంది ప్రభూ" అన్నాడు అధికారి, తల దించుకుని.

ఉద్దండరాయుడి మొహం విప్పారింది. "నిండుకుందా! భేష్! మరి ఇంగువ?"

"అదీ నిండుకుంది ప్రభూ."

"నూనె?"

"పూర్తిగా నిండుకుంది. కోటలో దీపాలన్నీ కొండెక్కాయి ప్రభూ."

"మేము చెప్పకుండానే కొండమీద కూడా దీపాలు పెట్టించారా! ఆహా!" అని రాజు తొడ చరుచుకున్నాడు.

రాజుగారికి ఆ మాటలు ఎందుకు తెలియవని మీరు అడగవచ్చు. ఏదైనా అయిపోతుందనే సంగతి తెలిస్తే కదా, దానికో మాట ఉందని తెలిసేది! ఆయన జన్మలో ఆయన ముందు ఏదీ అయిపోలేదు. ఇప్పుడు కూడా కుండ అడుగున మిగిలిన ఉప్పు గీకి ఆయన ఒక్కడి విస్తరికే వేస్తున్నారు, చివరి నూనెచుక్కలు ఆయన గది దీపానికే పోస్తున్నారు.

చివరికి అంతఃపురం నుంచి దాసి వచ్చి, "రాణీవారి గాజులన్నీ పెరిగాయి ప్రభూ" అని కళ్ళొత్తుకుంది. గాజు పగిలింది అనడం అశుభం గనక పెరిగింది అంటారు ఆడవాళ్ళు.

"పెరిగాయా! చూశావా మంత్రీ, అవతలి గాజులు ఆపామో లేదో, ఇవతలి గాజులు పెరిగాయి! దీనికి అంత ఆనందబాష్పాలు ఎందుకే పిచ్చిదానా!" అన్నాడు రాజు.

మంత్రికి అంతా తెలుసు. కానీ చెబితే శాసనం పోతుంది, శాసనంతో పాటు తన మాటా పోతుంది. అందుకని కండువా సర్దుకుంటూ పైకప్పు వైపు చూశాడు. సభంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. గుండన ఒక్కడు మాత్రం లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంతటి నిండుదనాన్ని మనలో మనమే చూసుకుని మురిసిపోతే ఏం లాభం? ఉత్సవానికి ఆ కేశవపంతులుగారినే పిలిపించండి. ఆయన ఎదుట ఈ అధికారులంతా ఇవే మాటలు, ఒక్క అక్షరం మారకుండా, మళ్ళీ చెప్పాలని ఆజ్ఞాపించండి."

"అదీ మాటంటే! ఇన్నాళ్ళకు పనికొచ్చే ముక్క అన్నావు" అన్నాడు రాజు. మంత్రి గుండన వైపు గుడ్లురిమి చూశాడు. అడ్డుపడాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే గుట్టు బయటపడుతుంది. పాపం, మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

గుండన అక్కడినుంచి తిన్నగా అంతఃపురానికి వెళ్ళాడు. కనకాంబ చేతులు రెండూ పమిట కింద దాచుకుని కూర్చుని ఉంది.

"చూశారా గుండనగారూ నా గతి! చేతికి ఒక్క మట్టిగాజు లేదు. పోనీ బంగారు గాజులన్నా వేసుకుందామంటే అవి నా పుట్టింటివి, శాసనం ఒప్పదట. మంత్రిగారు పెట్టెకు తాళం వేయించారు. పంతులు బాబాయి వస్తున్నాడట కదా, ఈ బోసి చేతులతో ఆయన ఎదుటికి ఎలా వెళ్ళను?"

"ఇలాగే వెళ్ళాలి తల్లీ. పమిట కింద దాచుకోకుండా వెళ్ళాలి. అలా వెళితే ఒక ఇల్లు నిలబడుతుంది, మంచంలో ఉన్న ఒక మనిషికి మళ్ళీ పెళ్ళాం చేతి గంజి దొరుకుతుంది" అని నాంచారమ్మ సంగతంతా చెప్పాడు గుండన.

కనకాంబ పమిట కింది చేతులు బయటికి తీసి చూసుకుంది. బోసి చేతులతో నలుగురిలోకి వెళ్ళడమంటే పుణ్యస్త్రీకి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. "ఈ గట్టుకు కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆవిడ తొడిగిన గాజులే వేసుకున్నాను. సరే, వస్తాను" అంది చివరికి.

పున్నమి వచ్చింది. భోజనశాల నిండా అరటాకులు వేశారు. ముంగిట్లో ఏనుగు, దాని ముందు ముద్ర వేసిన మలారం, పక్కన భటుల మధ్య నాంచారమ్మ. ఉద్దండరాయుడు ఎర్రంచు శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. ఉత్సవం కోసమని మంత్రి ప్రత్యేకంగా నేయించిన శాలువా అది. "ప్రతి పోగూ మన రాజ్యానిదే" అని ఆ ఉదయం నుంచి కనబడినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు రాజు.

కేశవపంతులు కూర్చోగానే రాజు సైగ చేశాడు. అధికారులు వరసగా లేచారు.

"ఉప్పు నిండుకుంది ప్రభూ!"

"నూనె నిండుకుంది ప్రభూ! దీపాలు కొండెక్కాయి!"

"ఇంగువ నిండుకుంది ప్రభూ!"

ఒక్కొక్క మాటకూ పంతులు మొహం ఇంత చిన్నదైపోయింది. "అయ్యయ్యో! ఇన్ని నిండుకున్నాయా? ఒక్క కబురు చేస్తే బండ్లకు బండ్లు పంపించేవాళ్ళం కదా ప్రభూ!" అన్నాడు.

రాజు విరగబడి నవ్వాడు. "మీరు పంపేదేమిటి పంతులుగారూ! నిండుకున్నాక మాకెందుకు?"

"నిండుకున్నాకే కదండీ కావలసింది!" అన్నాడు పంతులు. ఏమీ అర్థం కాక గుండన వైపు చూశాడు. గుండన శ్రద్ధగా విస్తరి తుడుచుకుంటున్నాడు.

వడ్డన అయింది. రాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. గీకి వేసే ఉప్పు కూడా ఆ ఉదయంతో సరి.

"ఇదేమిటి, ఉప్పేదీ?"

"నిండుకుంది ప్రభూ" అన్నాడు వంటశాల అధికారి.

"అది తెలుసు. నిండుకుంటే వెయ్యలేదేం?"

"నిండుకుంది గనకే వెయ్యలేదు ప్రభూ."

"నిండుగా ఉన్నప్పుడు వెయ్యడానికి నీకేం రోగం?"

"నిండుగా ఉన్నప్పుడు వేశాం ప్రభూ. నిండుకున్నాక ఎలా వేసేది?"

రాజు తల గిర్రున తిరిగింది. ఇద్దరిలో ఎవరికి మతి పోయిందో తేల్చుకునేలోపే కనకాంబ పెరుగు గిన్నె పట్టుకుని వడ్డించడానికి వచ్చింది. పంతులు విస్తరి ముందు వంగి రెండు చేతులూ చాచింది.

పంతులు ఆ చేతులు చూశాడు. ఆయన చేతిలోని ముద్ద జారిపోయింది. బోసి మణికట్లు చూశాడు, తల తిప్పి పక్కనే నిక్షేపంగా కూర్చున్న రాజును చూశాడు, మళ్ళీ మణికట్లు చూశాడు. గుండన చెవిలో, "నాయనా, నేను కళ్ళను నమ్మాలా, ఆచారాన్ని నమ్మాలా?" అని గుసగుసగా అడిగాడు.

"మా రాజ్యంలో కళ్ళతో పనిలేదు పంతులుగారూ, శాసనం ఎలా ఉంటే అలాగే" అన్నాడు గుండన.

అంతే. పంతులు తలపాగా తీసి కింద పెట్టి ఘొల్లుమన్నాడు. "అయ్యో కనకా! ఎంత పని జరిగిపోయిందే తల్లీ! ఎప్పుడు పోయాడే? మాకు కబురన్నా చెయ్యలేదేం! మంచివాడే పాపం, కాస్త డాబు తప్పిస్తే!"

"పోవడమేమిటి! నేను బతికే ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!" అని అరిచాడు రాజు.

"గొంతు కూడా అచ్చం ఆయనదే" అని ఇంకా ఏడ్చాడు పంతులు.

రాజు మొహాన నెత్తుటిచుక్క లేదు. ఎంత రాజైనా, తన పోకకు తన ఎదుటే ఏడుస్తుంటే ఎవడికైనా ప్రాణం ఝల్లుమంటుంది. "గుండనా! ఏమిటీ అపశకునం? రాణి చేతికి గాజులేవి? పెరిగాయన్నారే!"

"పెరిగాయి ప్రభూ. అంటే పగిలాయి. ఉప్పు నిండుకుంది, అంటే అయిపోయింది. దీపాలు కొండెక్కాయి, అంటే ఆరిపోయాయి. ఇక గాజులంటారా, ఏలినవారు నూరేళ్ళూ చల్లగా ఉన్నారని ఊరికి చెప్పేవి రాణీవారి చేతి గాజులే కదా. అవి అవతలి గట్టునుంచి రావాలి. మరి ఏలినవారు తమ ఆయుష్షును తామే రేవులో ఆపించుకుంటే మేమేం చెయ్యగలం?"

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేం?"

"అందరూ చెప్పారు ప్రభూ. రోజూ చెప్పారు. మర్యాదగా చెప్పారు."

ముంగిట్లో ఏనుగు ఘీంకరించింది. రాజు ఉలిక్కిపడి, "ఏనుగును ఆపండి! ఆ మూట ముట్టుకోకండి! ఆ గాజులావిణ్ణి పిలవండి, రాణికి వెంటనే గాజులు తొడగమనండి!" అని కేకలు పెట్టాడు.

నాంచారమ్మ వచ్చి దణ్ణం పెట్టింది, మూట మాత్రం విప్పలేదు. "ఖైదులో ఉన్న చేతితో పుణ్యస్త్రీకి గాజులు తొడిగితే అచ్చిరాదు దొరా. మీ మంచికే చెబుతున్నా."

రాజుకు ఆ నిమిషంలో మంచీచెడ్డా ఆలోచించే ఓపిక లేదు. "నీకు ఖైదు లేదు, ఏరు దాటడమూ లేదు. మీ ఆయన దగ్గరే ఉండు. తొడుగు తల్లీ, తొందరగా తొడుగు!" అన్నాడు.

అప్పుడు నాంచారమ్మ చతికిలబడి కూర్చుని, రాణి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు మెత్తగా నొక్కి, ఆకుపచ్చ గాజులు రెండు చేతులకూ నిండుగా తొడిగింది. ఒక్క గాజూ చిట్లలేదు. పంతులు కళ్ళు తుడుచుకుని, తలపాగా పెట్టుకుని, "మహారాజుకు జయం! ఎప్పుడొచ్చారు ప్రభూ?" అన్నాడు.

రాజు మళ్ళీ పీటమీద కూర్చున్నాడు. కాస్త కుదుటపడ్డాక బుంగమూతి పెట్టి, "అయితే ఒక వస్తువు ఎక్కడ పుట్టిందని అడగడమే తప్పంటావా గుండనా?" అన్నాడు.

"తప్పెలా అవుతుంది ప్రభూ? అడగాలి. కొత్తకోడలు వస్తే ఏ అత్తగారైనా నీ పుట్టిల్లు ఎక్కడే అనే అడుగుతుంది. గయ్యాళి అత్తగారు ఎత్తిపొడవడానికి అడుగుతుంది. మంచి అత్తగారు, ఇంత చక్కటి పిల్లను కని పెంచి మాకు పంపినవాళ్ళు బాగున్నారా, తింటున్నారా అని తెలుసుకోవడానికి అడుగుతుంది. మాట ఒకటే. ఇన్నాళ్ళూ ఏలినవారు బజారులో గయ్యాళి అత్తగారి వేషం కట్టారు."

కనకాంబ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆవిడను చూసి పంతులు, పంతులును చూసి వడ్డించేవాళ్ళు నవ్వారు. రాజు మీసం కాసేపు బిగబట్టుకుని ఉంది, చివరికి అదీ జారిపోయింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీకు బహుమానం ఇద్దామంటే ఖజానా నిండుకుందయ్యా!" అన్నాడు, కొత్తగా నేర్చుకున్న మాటను వాడి చూసుకుంటూ. కోశాధికారి గుండె జారింది. "భయపడకు, ఊరికే అన్నాను" అని రాజు తన ఎర్రంచు శాలువా తీసి గుండనకు చాచాడు.

గుండన చెయ్యి చాచలేదు. "దీని పుట్టింటివాళ్ళు బాగున్నారా ప్రభూ?"

"ఇది మన కోటలోనే పుట్టింది! పరాయి పోగు ఒక్కటి లేదు!" అని మంత్రి ముందుకొచ్చాడు.

"ఎక్కడ పుట్టిందని నేను అడగలేదు అమాత్యా."

జవాబు నాంచారమ్మ చెప్పింది. "నేను పడున్న గది పక్కనే దొరా మగ్గాలు. రంగు అవతలినుంచి తెచ్చారని నేతగాళ్ళను పట్టుకొచ్చి అక్కడ పెట్టారు. కాళ్ళకు గొలుసులేసి నేయిస్తున్నారు. కూలి లేదు. అంబలి ఒకపూట పోస్తారు, ఒకపూట మర్చిపోతారు."

మా గట్టున ఇలాంటివి ఉండవన్నట్టు పంతులు మీసాల చాటున చిన్నగా నవ్వాడు. నాంచారమ్మ ఆయన వైపు తిరిగింది. "తమరు నవ్వకండి బాబూ. మీ కొలిమి దగ్గర గాజులు చేసే ఆడపిల్లల కళ్ళు ఆ మంటకు ఎట్లా ఉంటాయో ఎప్పుడన్నా చూశారా? నేను చూశాను. చూసి కూడా, చవగ్గా వస్తున్నాయని కొన్నాను. నా తప్పూ ఉంది."

పంతులు నవ్వు ఆగిపోయింది. రాజు శాలువా వైపు, అది తన చేతిని కాల్చినట్టు చూశాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు, మొదటిసారి. విస్తరి ముందునుంచి లేచి, ఎవరికీ చెప్పకుండా బందిఖానా వైపు నడిచాడు. గుండనా మంత్రీ వెనకాలే పరుగెత్తారు.

చీకటి గది, మగ్గాల వరస. రాజు రావడం చూసి నేతగాళ్ళు గొలుసులతోనే లేచి నిలబడ్డారు. రాజు అందరికంటే పెద్దవాడైన సింగన్న దగ్గరికి వెళ్ళి, "బాగున్నారా?" అని అడిగాడు.

సింగన్న వంగి దణ్ణం పెట్టాడు. "ఏలినవారి దయవల్ల బాగున్నామండి."

నెల కిందటి ఉద్దండరాయుడైతే ఆ మాట విని, భేష్ అనుకుని, మీసం దువ్వుకుంటూ వెనుదిరిగి ఉండేవాడు. ఇప్పుడు అక్కడే నిలబడిపోయాడు. సింగన్న కాలి గొలుసు చూశాడు, డొక్కలు చూశాడు. "ఈ మాటకు అర్థం నాకు తెలిసింది గుండనా" అన్నాడు.

గొలుసులు అప్పటికప్పుడే తీయించాడు. శాలువా సింగన్న భుజాన కప్పాడు. శాసనం అక్కడే రద్దు చేశాడు. గుండన వైపు తిరిగి, "నీకు శాలువా దక్కలేదు గానీ, ఉద్యోగం ఇస్తున్నాను. ఇవాళ్టినుంచి నువ్వు మా దుబాసీవి" అన్నాడు.

"ఏ భాషనుంచి ఏ భాషలోకి ప్రభూ?"

"తెలుగునుంచి తెలుగులోకి. జనం నాతో ఏదన్నా అన్నప్పుడు ఏమన్నారో నాకు చెప్పడం నీ పని. జీతం నువ్వు ఎంతంటే అంత."

గుండన వంగి నమస్కరించాడు. రాజు మంత్రి వైపు తిరిగాడు. "అమాత్యా, వీళ్ళు నేసిన ప్రతి గుడ్డకూ కూలి మీ ఇంటినుంచి ఇవ్వండి. ఇవాళ వీళ్ళందరికీ భోజనం కూడా మీ ఇంట్లోనే."

శేషాచలామాత్యుడు నిలువునా వంగి, "మహా సంతోషం ప్రభూ!" అన్నాడు.

"దుబాసీ, ఏమంటున్నాడు?" అన్నాడు రాజు.

"ఏడుస్తున్నాడు ప్రభూ" అన్నాడు గుండన.

ఉద్దండరాయుడి నవ్వుకు మగ్గాలు అదిరాయి.